టెలివిజన్ వార్తల్లో శాస్త్రం, శాస్త్ర నిపుణులు: గోదావరి తీరం నుంచి ఒక పరిశీలన

8.0 పరిచయం

దినపత్రికలో వారానికొకసారైనా సైన్సుకు అరపేజీ దొరుకుతుంది. టెలివిజన్ వార్తల్లో శాస్త్రానికి అలాంటి సొంత చోటు లేదు. అది సాధారణంగా ఒక రాకెట్ వెంటనో, ఒక ఆపద వెంటనో తెర మీదికి వస్తుంది. చంద్రయాన్-3 చంద్రుడిపై దిగిన 2023 ఆగస్టు 23 సాయంత్రం లాంటివి ఏడాదికి ఒకటి రెండు ఉంటాయేమో. మిగతావన్నీ వరద, తుఫాను, భూకంపం, విషవాయువు, అంతుపట్టని జబ్బు. అప్పుడు తెర మీద ఒక చిన్న చతురస్రంలో కనిపించే వ్యక్తిని మనం 'నిపుణుడు' అంటున్నాం.

ఈ పాఠ్యభాగంలో ఆ నిపుణుడు అక్కడికి ఎలా వస్తాడో, ఏమి చెబుతాడో, చెప్పినదాంట్లో మన దాకా ఎంత చేరుతుందో పరిశీలిద్దాం. ఉదాహరణలు ఎక్కువగా గోదావరి తీరానివే. దుమ్ముగూడెం నుంచి మొదలుపెట్టడానికి కారణం తరువాతి భాగంలో తెలుస్తుంది. ఇంతకుముందు పాఠాల్లో మీరు వార్త నిర్మాణం గురించి చదివారు. ఇక్కడ గుర్తుంచుకోవలసింది ఒకటే: టీవీలో శాస్త్రం దారి తప్పేది చాలాసార్లు నిపుణుడి జవాబు వల్ల కాదు, ఆయనను అడిగిన ప్రశ్న వల్ల.

8.1 నీళ్లు ముందు ఎక్కడికి వస్తాయి?

గోదావరికి వరద వచ్చిన రోజు ఏ తెలుగు వార్తా చానల్ పెట్టినా ఒకే అంకె కనిపిస్తుంది. అది భద్రాచలం దగ్గర నీటిమట్టం. 43 అడుగులకు మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. వెనక స్నానఘట్టాలు, కరకట్ట, ముందు గొడుగు పట్టుకున్న విలేకరి. గంటగంటకూ ఆ అంకె స్క్రోలింగ్‌లో మారుతూ ఉంటుంది.

ఇప్పుడు ఒకసారి పటం తీసి చూడండి. దుమ్ముగూడెం భద్రాచలానికి ఎగువన, నదికి ఎడమ గట్టున ఉంది. గోదావరి ముందు దుమ్ముగూడెం దాటి, ఆ తరువాతే భద్రాచలం చేరుతుంది. అంటే పర్ణశాల దగ్గర ఒడ్డున ఉన్న కుటుంబం టీవీలో చూస్తున్న అంకె, వాళ్ల ఊరి ముందు నుంచి అప్పటికే వెళ్లిపోయిన నీటిది. వాళ్లకు కావలసింది ఇంకా ఎగువన ఉన్న అంకెలు. ఏటూరునాగారం దగ్గర ఎంత ఉంది, పేరూరు దగ్గర ఎంత ఉంది, ఇంద్రావతి ఎలా వస్తోంది, చర్ల పక్క నుంచి తాలిపేరు ఎంత తెస్తోంది అన్నవి. ఈ అంకెలు రహస్యమేమీ కాదు. కేంద్ర జలసంఘం పేరూరులో, ఏటూరునాగారంలో, దుమ్ముగూడెంలో కూడా మట్టాలు కొలుస్తుంది, ముందస్తు అంచనాలూ ఇస్తుంది. అయితే ఆ బులెటిన్లు మీటర్లలో ఉంటాయి. భద్రాచలంలో జనం అడుగుల్లో మాట్లాడుకుంటారు. ఈ చిన్న మార్పిడి చేసి, 'దుమ్ముగూడెం వాళ్లకు ఇది ఇంత' అని చెప్పే పని బులెటిన్‌లో ఎవరిదీ కాదు.

భద్రాచలం అంకె వాళ్లకు పనికిరాదని కాదు. గోదావరి వరద రోజుల తరబడి సాగుతుంది కాబట్టి, అక్కడ మట్టం ఎక్కుతోందా తగ్గుతోందా అన్నది ఎగువ ఊళ్లకూ ఒక సూచనే. దిగువన కూనవరం దగ్గర శబరి కలుస్తుంది. శబరి కూడా పోటెత్తిన ఏడు గోదావరి నీళ్లు దిగవు, ఎగదన్నుతాయి. ఇది తీరంలో చిన్నపిల్లలకు కూడా తెలిసిన సంగతి. టీవీ చర్చల్లో మాత్రం అరుదుగా వినిపిస్తుంది.

అంకె భద్రాచలానిదే ఎందుకయింది? ఓబీ వ్యాన్ అక్కడిదాకా వెళ్తుంది. అక్కడ రాముడున్నాడు, హైదరాబాద్‌లోనూ విజయవాడలోనూ కూర్చున్న ప్రేక్షకుడికి ఆ పేరు తెలుసు. అక్కడ జిల్లా స్థాయి విలేకరి ఉంటాడు. దుమ్ముగూడెం, చర్ల మండలాల్లో ఉండేది మండల విలేకరి. వరద పెరిగి భద్రాచలం-చర్ల రోడ్డు మీదికి నీళ్లొస్తే అతను పంపగలిగేది ఫోన్‌లో తీసిన వీడియో మాత్రమే. ఇంకో విషయం కూడా ఉంది. వరద వచ్చిన ఊళ్లో మొదట పోయేది కరెంటు. దుమ్ముగూడెం మునిగిన రోజున దుమ్ముగూడెం గురించిన వార్త దుమ్ముగూడెంలో తప్ప అన్నిచోట్లా కనిపిస్తుంది. కాబట్టి ఆ ఊరికి పనికొచ్చే శాస్త్రం వరదకు ముందురోజు బులెటిన్‌లో ఉండాలి. ఆ రోజున తీరంలో ఇంకా దృశ్యం ఉండదు, దృశ్యం లేనిదే టీవీలో వార్త లేదు.

8.2 క్లౌడ్ బరస్ట్: నలభై నాలుగు సెకన్ల లెక్క

2022 జూలై రెండోవారంలో గోదావరి బేసిన్ అంతటా రోజుల తరబడి వానలు కురిశాయి. నిర్మల్ జిల్లాలో కడెం ప్రాజెక్టు ప్రమాదపు అంచుకు వెళ్లింది. భద్రాచలం వంతెనపై రాకపోకలు ఆపేశారు. జూలై 16న అక్కడ నీటిమట్టం 71.3 అడుగులకు చేరింది. 1986 ఆగస్టు 16న నమోదైన 75.6 అడుగుల తరువాత అదే అత్యధికం. పతాక ప్రవాహం 24 లక్షల క్యూసెక్కులు దాటింది. దుమ్ముగూడెం, చర్ల, బూర్గంపాడు, అశ్వాపురం మండలాల్లో ఊళ్లకు ఊళ్లు ఖాళీ చేయవలసి వచ్చింది.

జూలై 17న భద్రాచలం వచ్చిన అప్పటి ముఖ్యమంత్రి కె. చంద్రశేఖర్ రావు, క్లౌడ్ బరస్ట్ అనే కొత్త పద్ధతి వచ్చిందని, దాని వెనక విదేశాల కుట్ర ఉన్నట్టు చెబుతున్నారని, గతంలో లేహ్‌లోనూ ఉత్తరాఖండ్‌లోనూ అలా చేశారని అంటున్నారని, అది ఎంతవరకు నిజమో తెలియదని అన్నారు. ఆ సాయంత్రం నుంచి చానళ్లన్నీ నిపుణుల కోసం ఫోన్లు చేశాయి. అడిగిన ప్రశ్న ఒకటే: ఇది క్లౌడ్ బరస్టా, కాదా? కుట్రా, కాదా?

ఇక్కడ రెండు విషయాలు గమనించండి. మొదటిది, 'ఎంతవరకు నిజమో తెలియదు' అన్న మాట తెర కింది పట్టీలో చాలాచోట్ల మిగల్లేదు. రాజకీయ నాయకుడి మాటకైనా, శాస్త్రవేత్త మాటకైనా శీర్షికలోకి ఎక్కేటప్పుడు మొదట రాలిపోయేది ఇలాంటి షరతే. రెండోది, ప్రశ్న అవును-కాదులోకి వచ్చేసరికి శాస్త్రవేత్త చేయగలిగింది 'కాదు' అనడమే. ఎందుకు కాదో చెప్పడానికి సమయం లేదు. వివరణ లేని 'కాదు' వినేవాళ్లకు ఇంకో అభిప్రాయంలాగే ఉంటుంది. ఆయన అవునన్నాడు, ఈయన కాదన్నాడు, అంతే.

నిజానికి వివరణకు పెద్ద సమయం అక్కర్లేదు. మీరే చేసి చూడండి. భారత వాతావరణ శాఖ లెక్క ప్రకారం సుమారు 20 నుంచి 30 చదరపు కిలోమీటర్ల పరిధిలో ఒక గంటలో 100 మిల్లీమీటర్లు, అంతకుమించి వాన పడితే దాన్ని క్లౌడ్ బరస్ట్ అంటారు. 30 చదరపు కిలోమీటర్లంటే 3 కోట్ల చదరపు మీటర్లు. 100 మిల్లీమీటర్లంటే మీటరులో పదో వంతు. గుణిస్తే 30 లక్షల ఘనపు మీటర్ల నీరు. ఒక్క చుక్క కూడా నేలలోకి ఇంకలేదనీ, చెరువుల్లో ఆగలేదనీ, మొత్తం నదిలోకే వచ్చిందనీ అనుకుందాం. ఇక భద్రాచలం వంతెన కింద ప్రవాహం 24 లక్షల క్యూసెక్కులు. ఒక ఘనపు మీటరుకు 35.3 ఘనపుటడుగులు కాబట్టి అది సెకనుకు సుమారు 68 వేల ఘనపు మీటర్లు. 30 లక్షలను 68 వేలతో భాగించండి. 44 వస్తుంది. అంటే ఒక క్లౌడ్ బరస్ట్ కురిపించే నీరంతా ఆ రోజున భద్రాచలం వంతెన కింద నుంచి 44 సెకన్లలో వెళ్లిపోతుంది. అదే పతాక ప్రవాహం ఒక్క గంట నిలవాలంటే అలాంటివి ఎనభైకి పైగా కావాలి. ప్రవాహం నిలిచింది గంట కాదు, రోజులు.

గోదావరి బేసిన్ విస్తీర్ణం సుమారు 3 లక్షల 12 వేల చదరపు కిలోమీటర్లు, మన దేశ భూభాగంలో దాదాపు పదో వంతు. ఇంత మేర రోజుల తరబడి ముసురు పడితేనే 71 అడుగులు వస్తుంది. లేహ్ సంగతి వేరు. 2010 ఆగస్టులో అక్కడ చిన్న కొండవాగుల్లో కుండపోత ఒక్కసారిగా విరుచుకుపడి ప్రాణాలు తీసింది. ఇరుకు లోయలో ఊరిని తుడిచిపెట్టే అదే నీరు గోదావరిలో ముప్పావు నిమిషం పని. ఈ పోలిక చెప్పి ఉంటే ముఖ్యమంత్రి లేహ్ ప్రస్తావనకూ జవాబు దొరికేది, ప్రేక్షకుడికి ఒక కొలమానం కూడా చేతికి వచ్చేది.

కుట్ర మాటకొస్తే, మేఘాల్లో రసాయనాలు చల్లడం తెలుగువాళ్లకు కొత్తేమీ కాదు. 2004 తరువాత ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వమే 'మేఘమథనం' పేరుతో కొన్నేళ్లు కరవు జిల్లాల మీద విమానాలు తిప్పింది. ఉన్న మేఘం నుంచి కాస్త ఎక్కువ వాన రాబట్టే ప్రయత్నమది. లేని మేఘాన్ని పుట్టించడం దానివల్ల కాదు. రుతుపవనాల అల్పపీడనాన్ని పుట్టించడం అసలే కాదు. ఈ అనుభవాన్ని గుర్తు చేసి ఉంటే సగం చర్చ అక్కడే ఆగేది.

భాష గురించి ఒక్క మాట. క్లౌడ్ బరస్ట్‌కు పత్రికలూ చానళ్లూ 'మేఘ విస్ఫోటం' అని వాడాయి. విస్ఫోటం అనగానే బాంబు గుర్తొస్తుంది, బాంబు అనగానే పెట్టినవాడు ఎవడన్న ప్రశ్న వస్తుంది. మనకు 'కుంభవృష్టి' అనే చక్కటి పాత మాట ఉంది. కుంభవృష్టి వెనక విదేశీ హస్తం ఉందంటే ఎవరూ అంత తేలిగ్గా నమ్మరు! శాస్త్ర పదాన్ని తెలుగులోకి తెచ్చేవాడు దానితోపాటు ఒక కథను కూడా తెస్తాడని మీరు అనువాద పాఠంలో చదివినదానికి ఇది మంచి ఉదాహరణ.

మీ అవగాహనను పరీక్షించుకోండి: 1 టీఎంసీ అంటే 100 కోట్ల ఘనపుటడుగులు. పై లెక్కలోని క్లౌడ్ బరస్ట్ నీరు ఎన్ని టీఎంసీలు? 24 లక్షల క్యూసెక్కుల ప్రవాహం గంటకు ఎన్ని టీఎంసీలు? (జవాబులు: సుమారు 0.1, సుమారు 8.6.)

8.3 ఉదయం 7 గంటల 27 నిమిషాలకు ఎవరికి ఫోన్ చేస్తారు?

2024 డిసెంబరు 4 ఉదయం 7.27కి ములుగు జిల్లాలో 5.3 తీవ్రతతో భూమి కంపించింది. భద్రాచలం, ఖమ్మం ప్రాంతాలతోపాటు హైదరాబాద్, విజయవాడల్లో కూడా జనం ఇళ్లలోంచి బయటికి వచ్చారు. కొద్దిసేపట్లోనే అన్ని చానళ్లలోనూ బ్రేకింగ్.

అలాంటి ఉదయం చానల్ ఇన్‌పుట్ డెస్క్‌లో ఏం జరుగుతుందో ఊహించండి. నిపుణుడు వెంటనే కావాలి. ఎవరు తగినవారు అన్నది రెండో ప్రశ్న. ఎవరు ఫోన్ ఎత్తుతారు అన్నది మొదటిది. ప్రభుత్వ పరిశోధన సంస్థల్లో ఉద్యోగంలో ఉన్నవాళ్లు మాట్లాడాలంటే సాధారణంగా పైవాళ్ల అనుమతో, సంస్థ తరఫున మాట్లాడే బాధ్యతో ఉండాలి. అందువల్ల పదవీ విరమణ చేసినవాళ్లు ఎక్కువగా దొరుకుతారు. తెలుగులో ధారాళంగా మాట్లాడాలి. స్టూడియోకు దగ్గర్లో ఉండాలి, లేదా 'ఫోనో'కు సిద్ధంగా ఉండాలి. అన్నిటికంటే ముఖ్యంగా మాట తేల్చి చెప్పాలి. 'చెప్పలేం', 'ఆధారపడి ఉంటుంది', 'ఇంకా లెక్కలు రావాలి' అనేవాళ్లకు రెండోసారి ఫోన్ రాదు. ఇలా చేతికి దొరికిన నలుగురైదుగురి పేర్లు డెస్క్ పుస్తకంలో స్థిరపడతాయి. వరదకూ వాళ్లే, భూకంపానికీ వాళ్లే, ఒక్కోసారి గ్రహణానికీ వాళ్లే. భూగర్భజలాల్లో జీవితమంతా పనిచేసిన మనిషి భూకంపం గురించి మాట్లాడితే ఆయన మనలాంటి చదువరే. తెర కింది పట్టీ మాత్రం ఆయనను 'శాస్త్రవేత్త' అనే అంటుంది. ఏ శాస్త్రం అన్నది చెప్పదు.

భూకంపం విషయంలో తెలుగు చానళ్లకు ఒక అదృష్టం ఉంది. జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ హైదరాబాద్‌లోనే ఉంది. ఆ రోజు అక్కడి శాస్త్రవేత్తలు మాట్లాడారు కూడా. వాళ్ల దగ్గర చెప్పడానికి మంచి కథే ఉంది. ప్రాణహిత, గోదావరి లోయ చాలా పాత పగులు లోయ. కోట్ల ఏళ్ల క్రితం నేల కుంగి ఏర్పడిన ఆ పల్లంలో పేరుకున్న పొరల్లోంచే ఇవాళ కొత్తగూడెం, మణుగూరు, రామగుండం బొగ్గు వస్తోంది. బొగ్గునిచ్చిన ఆ లోయ అంచుల్లోని పగుళ్లలోనే అప్పుడప్పుడూ కదలిక వస్తుంది. అందుకే తెలంగాణలో ఎక్కువ భాగం భూకంప మండలాల పటంలో రెండో జోన్‌లో ఉంటే, గోదావరి లోయ వెంట భాగం మూడో జోన్‌లో ఉంది. 1969 ఏప్రిల్ 13న భద్రాచలం దగ్గర సుమారు 5.7 తీవ్రతతో భూకంపం వచ్చింది. తీవ్రతలో 0.4 తేడా అంటే తక్కువగా అనిపిస్తుంది కానీ, ఒక అంకె పెరిగితే శక్తి దాదాపు 32 రెట్లు పెరుగుతుంది కాబట్టి, 1969 నాటిది 2024 నాటిదానికి సుమారు నాలుగు రెట్లు శక్తిమంతమైనది. ఊళ్లలో దాన్ని గుర్తుంచుకున్న పెద్దవాళ్లు ఇంకా ఉన్నారు.

అడిగిన ప్రశ్న ఇది కాదు. 'మళ్లీ వస్తుందా?' అన్నదే ప్రశ్న. దీనికి భూకంప శాస్త్రం దగ్గర నిజాయితీ గల జవాబు ఒకటే. ఎప్పుడు, ఎక్కడ, ఎంత అని ముందుగా చెప్పే పద్ధతి ప్రపంచంలో ఎవరి దగ్గరా లేదు. ఫలానా ప్రాంతంలో ఫలానా తీవ్రత దాకా రావచ్చునని, చిన్న అనంతర ప్రకంపనలు ఉండవచ్చునని మాత్రం చెప్పగలం. ఈ జవాబు శీర్షికకు ఎక్కే లోపల రెండు ముక్కలవుతుంది. ఒకటి 'భయపడాల్సిన పనిలేదు' అవుతుంది. ఇంకోటి 'ముప్పు పొంచి ఉందా?' అవుతుంది. చివరి ప్రశ్నార్థకాన్ని గమనించండి. అబద్ధమని ఎవరూ పట్టుకోకుండా భయం అమ్ముకోవడానికి టీవీ శీర్షికలకు దొరికిన గొడుగు ఆ గుర్తు.

ఇంకో సంగతి జరిగింది. అంతకు మూడు నెలల ముందు, 2024 ఆగస్టు 31న, అదే ములుగు జిల్లా తాడ్వాయి, మేడారం అడవుల్లో పెనుగాలికి వేల చెట్లు కూలాయి. భూకంపం రాగానే ఈ రెండింటినీ కలిపిన కథనాలు వచ్చాయి. ఒకే అడవి, మూడు నెలలు, ఏదో ఉంది! చెట్లను కూల్చింది గాలి. అది భూమికి కొన్ని కిలోమీటర్ల పైన జరిగే సంగతి. భూకంప కేంద్రం జాతీయ భూకంప కేంద్రం లెక్క ప్రకారం 40 కిలోమీటర్ల లోతున ఉంది. ఒకటి ఇంకోదానికి కారణం కావాలంటే మధ్యలో ఏ దారి ఉందో చెప్పాలి. ఆ దారి ఏమిటని యాంకర్ అడగడు. చోటు ఒకటే కావడమే రుజువైపోతుంది.

'భయపడాల్సిన పనిలేదు' అనే మాట మంచిదే కదా అని మీరు అనవచ్చు. ఇటలీలోని లాక్విలా పట్టణం సంగతి చూడండి. 2009 తొలి నెలల్లో అక్కడ చిన్న ప్రకంపనలు వరుసగా వస్తుండగా మార్చి 31న నిపుణుల సమావేశం జరిగింది. ఆ సందర్భంలో పౌర రక్షణ శాఖ అధికారి ఒకరు టీవీ ఇంటర్వ్యూలో ప్రమాదం లేదని, నిశ్చింతగా ఒక గ్లాసు వైన్ తాగమన్న అర్థంలో మాట్లాడారు. ఏప్రిల్ 6 తెల్లవారుజామున 6.3 తీవ్రతతో వచ్చిన భూకంపంలో మూడువందల మందికి పైగా చనిపోయారు. ప్రకంపన వస్తే రాత్రి బయట గడిపే అలవాటున్న కుటుంబాలు, ఆ భరోసా విని ఇళ్లలోనే పడుకున్నాయని బాధితులు కోర్టులో చెప్పారు. 2012లో ఆరుగురు శాస్త్రవేత్తలకూ ఆ అధికారికీ శిక్ష పడింది. 2014లో అప్పీలులో శాస్త్రవేత్తలందరూ నిర్దోషులయ్యారు, అధికారికి మాత్రం తగ్గించిన శిక్ష మిగిలింది. భూకంపాన్ని ముందుగా చెప్పలేకపోయినందుకు శిక్షించారని ప్రపంచమంతా రాసింది. అసలు వివాదం అది కాదు. 'చెప్పలేం' అనవలసిన చోట 'ఏమీ కాదు' అని టీవీలో వినిపించడం గురించి.

ములుగు భూకంపం నాడు ప్రాణనష్టం జరగలేదు. అయినా దుమ్ముగూడెం, చర్ల వైపు పాత మట్టిగోడల ఇంట్లో ఉండే మనిషికి 'మళ్లీ వస్తుందా' కంటే 'నా గోడ నిలబడుతుందా' అన్నదే అసలు ప్రశ్న. దానికి ఇంజనీరు జవాబు చెప్పగలడు. ఏ గోడకు పగులు వస్తే ప్రమాదమో, పైకప్పు బరువు ఎలా తగ్గించాలో చెప్పగలడు. ఆయనకు ఎవరూ ఫోన్ చేయలేదు.

8.4 ఇద్దరిని కూర్చోబెడితే సరిపోతుందా?

2022 వరద తగ్గాక ఇంకో చర్చ మొదలైంది. పోలవరం కట్టడం వల్ల నీళ్లు ఎగదన్ని భద్రాచలం ఎక్కువగా మునిగిందని తెలంగాణ మంత్రులు అన్నారు. కాదని ఆంధ్రప్రదేశ్ మంత్రులు అన్నారు. చానళ్లు ఇటు ఒక విశ్రాంత ఇంజనీరును, అటు ఒక విశ్రాంత ఇంజనీరును కూర్చోబెట్టాయి. ఎవరు ఏ రాష్ట్రం నుంచి వచ్చారో తెలిస్తే ఏం చెబుతారో ముందే తెలిసిపోయేది.

క్లౌడ్ బరస్ట్ చర్చకూ దీనికీ తేడా ఉంది. అక్కడ రెండు పక్షాలూ సమానం కావు, ఒకవైపు కొలత ఉంది, ఇంకోవైపు వినికిడి ఉంది. ఇద్దరికీ చెరో అయిదు నిమిషాలు ఇవ్వడమే తప్పు. బ్రిటన్‌లో బీబీసీ ట్రస్ట్ కోరిక మేరకు జన్యుశాస్త్రవేత్త స్టీవ్ జోన్స్ 2011లో ఇచ్చిన సమీక్ష ఈ 'సమతూకం' జబ్బునే ఎత్తిచూపింది. శాస్త్రం తేల్చేసిన చోట కూడా ఎదుటి పక్షాన్ని వెతికి తెచ్చి కూర్చోబెడితే ప్రేక్షకుడికి లేని సందేహం కలుగుతుందని చెప్పింది.

పోలవరం వెనుకనీటి విషయం అలాంటిది కాదు. అది నిజమైన ప్రశ్న, కొలతతో తేల్చవలసిన ప్రశ్న. ఒక చోట సెకనుకు ఇన్ని ఘనపుటడుగులు వెళ్తున్నప్పుడు మట్టం ఇన్ని అడుగులు ఉంటుందన్న సంబంధాన్ని ఏళ్ల తరబడి నమోదు చేస్తారు. దిగువన అడ్డు ఏర్పడితే అంతే ప్రవాహానికి మట్టం మునుపటికంటే ఎక్కువ చూపాలి. పోలవరం, కూనవరం, భద్రాచలం మూడుచోట్లా ఒకే సమయంలో తీసిన మట్టాలు పక్కపక్కన పెట్టి, శబరి ఆ రోజు ఎంత తెచ్చిందో చూసి, నదీగర్భం పూడిక లెక్కేసి, అప్పుడు మాట్లాడాలి. 1986 అంకెనూ 2022 అంకెనూ రెండే పక్కన పెట్టి ఇటైనా అటైనా తేల్చడం కుదరదు. చర్చల్లో ఎక్కువగా వినిపించింది పోలవరం స్పిల్‌వేను 50 లక్షల క్యూసెక్కులకు రూపొందించారన్న అంకె, 48 గేట్లూ ఎత్తారన్న అంకె. రెండూ సరైనవే. కానీ భద్రాచలంలో మట్టం ఎందుకు అంత పెరిగిందన్న ప్రశ్నకు అవి సగం జవాబు కూడా కావు. సరైన అంకెతో వేరే ప్రశ్నకు జవాబు చెప్పడం టీవీ చర్చలో తేలిగ్గా సాగిపోతుంది. అడ్డుకోవాలంటే యాంకర్‌కు విషయం తెలిసి ఉండాలి.

8.5 నిపుణుడు లేని చోట సాక్షి

కొన్నిసార్లు నిపుణుడు అసలే అక్కర్లేదన్నట్టు సాగుతుంది. 2021 మే నెలలో నెల్లూరు జిల్లా కృష్ణపట్నంలో ఆనందయ్య ఇచ్చిన మందు కోసం వేలాదిమంది వరుసకట్టారు. ఆక్సిజన్ దొరకని రోజులవి, జనాన్ని తప్పుపట్టలేం. చానళ్లు మైకు పట్టుకొని మందు తీసుకున్నవాళ్లను అడిగాయి. తగ్గిందని వాళ్లు చెప్పారు. వాళ్లు అబద్ధం చెప్పలేదు. కానీ కరోనా వచ్చినవాళ్లలో ఎక్కువమంది ఏ మందూ లేకపోయినా కోలుకుంటారు కాబట్టి, మందు వల్ల తగ్గిందా అన్నది తీసుకోనివాళ్లతో పోల్చితే తప్ప తెలియదు. కోలుకోనివాళ్లు మైకు ముందుకు రారు. మే 31న రాష్ట్ర ప్రభుత్వం కంట్లో వేసే చుక్కలను మినహాయించి మందు పంపిణీకి అనుమతి ఇచ్చినప్పుడు, దానిని 'మందు పనిచేస్తుందని తేలింది' అన్నట్టు చూపిన కథనాలు ఉన్నాయి. హాని కనిపించలేదనడం వేరు, గుణం ఉందనడం వేరు.

8.6 అభ్యాసం

ఈ వర్షాకాలంలో గోదావరికి మొదటి ప్రమాద హెచ్చరిక వచ్చిన రోజున ఈ పని చేయండి. సాయంత్రం ఏదైనా ఒక తెలుగు చానల్ బులెటిన్ అరగంట చూస్తూ కాగితం మీద రాసుకోండి. నిపుణులుగా ఎవరెవరు మాట్లాడారు, వాళ్ల విషయం ఏమిటని పట్టీలో ఉంది, వాళ్లను అడిగిన ప్రశ్న అక్షరాలా ఏమిటి, జవాబులో ఉన్న షరతుల్లో ఎన్ని శీర్షికలోకి వచ్చాయి. వాతావరణ శాఖ రంగుల హెచ్చరికను ఎలా చదివారో కూడా చూడండి. పసుపు అంటే గమనిస్తూ ఉండమని, నారింజ అంటే సిద్ధంగా ఉండమని, ఎరుపు అంటే ఇక కదలమని అర్థం. చాలా బులెటిన్లు మూడింటినీ 'అతిభారీ వర్షాలు' అనే ఒకే గొంతుతో చదువుతాయి.

ఆ తరువాత కేంద్ర జలసంఘం అదే సాయంత్రం పేరూరుకూ దుమ్ముగూడేనికీ ఇచ్చిన అంచనాలు తీసుకోండి. మీటర్లలో ఉన్న పెరుగుదలను అడుగుల్లోకి మార్చండి (1 మీటరు = 3.28 అడుగులు). పర్ణశాలలో రేపు పొద్దున్నే పశువులను మెరక మీదికి తోలుకుపోవాలా వద్దా అని ఆలోచిస్తున్న ఒక ఇంటికి చెప్పవలసిన వార్తను ఆరు వాక్యాల్లో, మీకు తెలియనిది తెలియదని చెబుతూ రాయండి. రాసినది మీ అధ్యయన కేంద్రంలో కౌన్సెలర్‌కు చూపించే ముందు, నది ఒడ్డున ఉండే ఎవరికైనా ఒకసారి చదివి వినిపించండి.